కవరు తీయని సీటు

రోహిణి కార్తె, సోమవారం. కొట్టు తీశాక

ఖాతాదారులందరికీ నమస్కారం. తాయారు కార్ సామాన్లు, రావులపాలెం, అరటి యార్డు ఎదురుగా. ఈ రోజువారీ కబురు చదివేవాళ్లు చదవండి. చదవకుండా కింద దణ్ణం బొమ్మ పెట్టి పోయేవాళ్లు ఉన్నారు, ఎవరెవరో నాకు తెలుసు.

ముందు టైర్లు. నిన్న మధ్యాహ్నం, ఎండలో తిరగొద్దని ఊదే ఎండ సైరన్ మోగాక ఒక పెద్దమనిషి వచ్చాడు. రోడ్డు మీద పెనంలా కాలిన బండిని తెచ్చి, "గాలి ఎక్కువుందమ్మా, కొంచెం తీసెయ్" అన్నాడు. టైరు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అప్పుడు తీసేస్తే తెల్లారేసరికి టైరు చప్పబడి నేలకి కరుచుకుంటుంది. గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, బండి గుమ్మం దాటకముందు. ఈ మాట ప్రతి రోహిణికీ రాస్తాను. ప్రతి రోహిణికీ మీరు మిట్టమధ్యాహ్నమే వస్తారు.

ఇక అసలు సంగతి. రాత్రి బండ్లన్నిటికీ, ఏ బండి ఏం మోస్తోందో లెక్క చూసే మోత ఆఫీసు నుంచి కొత్త పాఠం దిగింది. ఇన్నాళ్లూ బండి లోపల ఒక కన్ను ఉండి, ఎక్కింది మనిషో సరుకో చూసేది. ఆ కన్ను మనల్నే చూస్తోందని గోల చేసింది ఎవరు? మనమే. దాని మీద బొట్టుబిళ్ల అంటించింది ఎవరు? మనమే. సరే, చూడం లెండి అని వాళ్లు కన్ను మూయించి, సీటుకి స్పర్శ నేర్పారు. ఇకమీదట ఒంటి వెచ్చదనం, ఊపిరి కదలిక, నాడి తగిలితే మనిషి. తగలకపోతే సరుకు.

ఇది మనకెందుకంటే, గౌతమి మీద వంతెన ముసలిదైపోయాక దాని మీదకి పగలు మనుషుల బండ్లే, సరుకు బండ్లు రాత్రికే. గేటు దగ్గర బండే తనలో ఏముందో చెబుతుంది. మనం కిటికీలోంచి తల పెట్టి అరిచినా గేటు వినదు.

పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. ఒక మాస్టారి బండి ఆయన భార్యని "ఎనభై కేజీల బస్తా, సరిగా కట్టలేదు" అందట. బండి మీద కోపమో, ఎనభై అన్నందుకు కోపమో, ఆవిడ అరుపు నాకు ఇక్కడికి వినపడింది.

పదింటికి అబ్బులు గారు వచ్చారు. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి, మా వీధిలోనే ఉంటారు. నిరుడు కొన్న బండి ఆయనది. సీట్లకి కంపెనీ ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. తలుపుల మీద పొర, కళ్లకి అడ్డంగా దించుకునే ఎండ రేకు మీద హెచ్చరిక కాగితం, అన్నీ ఉన్నాయి. బండి దానంతటదే నడుస్తుంది కాబట్టి స్టీరింగ్ ముట్టుకునే పని లేదు, అయినా దానికీ ఒక సంచి తొడిగారు. ఆ ప్లాస్టిక్ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. మలుపు వచ్చిందంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒక పక్కకి జారిపోతారు. వంతెన ఎక్కే మలుపులో ఆయన ఆవిడ ఒళ్లో పడి, మళ్లీ సర్దుకుని కూర్చోవడం ఊరందరికీ తెలిసిన దృశ్యం.

"చెల్లెమ్మా, మా బండి నన్ను బస్తా అందమ్మా."

"ఏం బస్తా అన్నయ్య గారూ? ధాన్యమా, ఊకా?"

"ఎగతాళి తర్వాత చేద్దువు గానీ, దీనికి మందు చెప్పు. రేపు మంగళవారం. మీ వదిన్ని రాజమండ్రి తీసుకెళ్లాలి."

మంగళవారం, శుక్రవారం భూలక్ష్మి వదినకి డయాలసిస్. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. బరువెక్కువని బస్సులు వంతెన ఇవతలే ఆగిపోతాయి, ఆవిడ అంత దూరం నడవలేదు. ఆ బండి కొన్నదే ఆవిడ కోసం.

"మందు చిటికెలో పని. ఆ ప్లాస్టిక్ పీకి పారెయ్యండి. మీరు కూర్చునేది సీటు మీద కాదు, కవరు మీద. సీటుకి మీ వెచ్చదనం తగిలితేగా?"

ఆయన మొహం మాడిపోయింది. "కవరు తియ్యనమ్మా. కొత్త బండి."

"కొని ఏడాది దాటింది."

"కవరుంటే కొత్తదే."

"అయితే మీకూ ఒక కవరు తొడుగుతాను రండి, కుర్రాడైపోతారు."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వారు గానీ, "నువ్వు సీటు కవర్లు అమ్ముకునేదానివి, పీకమనే చెబుతావు" అని ఒక చురక అంటించి వెళ్లారు. నిజమే, నేను కవర్లు అమ్ముతాను. అందరూ ఇదే అంటారు కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నాను. నా దగ్గర కొనకండి. మీ ఇంట్లో పాత దుప్పటి పరుచుకోండి. నూలు గుడ్డ లోంచి సీటుకి మనిషి తెలుస్తాడు. ప్లాస్టిక్ మాత్రం పీకండి.


మంగళవారం. కొట్టు మూసి, యార్డు నుంచి వచ్చాక

ఈ రోజు సలహా ఏసీ గురించి రాద్దామనుకున్నాను. బండి ఎక్కగానే ఏసీ పెద్దది పెట్టి తలుపులు బిగించుకోకండి. ముందు నాలుగు తలుపులూ తీసి లోపలి వేడిని బయటికి పోనివ్వండి, తర్వాత వేసుకోండి. జల్లెడ లాంటి గుడ్డ ఒకటి ఉంటుంది లోపల, గాలి వడకట్టడానికి. దాన్ని దులపండి. మొన్న ఒకరి బండిలో అది తీస్తే పోయినేటి వినాయక చవితి పత్రి వచ్చింది.

అంతవరకు రాశానో లేదో, యార్డు నుంచి దళారి కాసులు పరిగెత్తుకొచ్చాడు.

"తాయారమ్మ గారూ, మీ వీధి అబ్బులు గారి బండి మా కాటా వరసలో నిలబడిందండీ. అందులో మనుషులున్నారండీ!"

జరిగింది ఇది. మన గ్రూపులోనే ఎవరో మహానుభావుడు సలహా ఇచ్చాడట, కవరు తీయక్కర్లేదు, కింద నుంచి వేడినీళ్ల సంచులు దూరిస్తే చాలు, సీటు మనిషి అనుకుంటుంది అని. అబ్బులు గారు కవరు అంచు ఎత్తి, రెండు సీట్లలోనూ వేడినీళ్ల సంచులు దూర్చారు. సీటుకి వెచ్చదనం తగిలింది. నాడి తగల్లేదు. ఊపిరి తగల్లేదు. కవరు కింద నుంచి తడి ఆవిరి మాత్రం తగిలింది. రావులపాలెం బండి కదా, దానికి తెలిసింది ఒక్కటే. వెచ్చగా ఉంది, చెమ్మగా ఉంది, ఊపిరి లేదు. మగ్గుతున్న అరటి గెలలు.

ఆసుపత్రి అని చెప్పినా వినకుండా తిన్నగా అరటి యార్డుకి పోయి, గెలల వ్యాన్ల వెనక వరసలో నిలబడింది. తలుపులు తీయదు. సరుకు పాడవకుండా కాటా దాకా మూసే ఉంచుతుందట.

నేను వెళ్లేసరికి అబ్బులు గారు లోపలి నుంచి అద్దం బాదుతున్నారు. భూలక్ష్మి వదిన మాత్రం చీర కొంగుతో విసురుకుంటూ తాపీగా కూర్చుంది. చుట్టూ హమాలీలు మూగారు. అద్దం కొంచెం దిగి ఉంది, అందులోంచి కాసులు గాడు వంగి, అలవాటు నోరు కదా, "ఏం రకమండీ?" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

"ముదిరిన రకం" అంది వదిన. "తొక్కా ఎముకలే గానీ గుజ్జు లేదు. ఎంతకి పాడతావు?"

వాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆవిడ పాదాల మీదకి చూపు పోయింది. వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. మడమ పట్టీ వదులు చేసి, వేళ్లకి తగిలించుకుంది.

బండి కాటా ఎక్కింది. "రెండు గెలలు. సరుకు దించండి" అంది, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరూ దిగారు. "సరుకు దిగింది. ధన్యవాదాలు" అని అది ఖాళీగా ఇంటికి పోయి నీడ చూసుకుని నిలబడింది. దాని మర్యాదకి లోటు లేదు.

డయాలసిస్ వేళ దాటిపోయింది. రాజమండ్రికి ఫోన్ చేస్తే, మంచాలన్నీ నిండిపోయాయి, శుక్రవారం రండి, అప్పుడు మాత్రం తప్పకూడదు, నీళ్లు తక్కువ తాగండి అన్నారు. రోహిణి ఎండల్లో నీళ్లు తక్కువ తాగమని.


బుధవారం. మధ్యాహ్నం, సైరన్ తర్వాత

నిన్నటి వేడినీళ్ల సలహా ఇచ్చిన మనిషి ఎవరో పొద్దున్నే బయటపడ్డారు. తన పేరు రాయొద్దని బతిమాలారు. రాయను. ఆయన బండి వైపర్ రబ్బరు ముక్కలైపోయి అద్దం మీద గీతలు పడ్డాయని మాత్రం రాస్తాను. వైపర్లు వానల్లో కాదండీ, ఎండల్లో పాడవుతాయి. ఎండలో నిలిపినప్పుడు అద్దం మీద నుంచి ఎత్తి పెట్టండి. మండే అద్దం మీద చన్నీళ్ల బకెట్ గుమ్మరించకండి. అది పగిలితే నా దగ్గరికే వస్తారు, నేను వద్దనను గానీ, వద్దనే చెబుతున్నాను.

అబ్బులు గారి పనికి దిగాను. ముందు టాక్సీలు. ఊళ్లో టాక్సీ వాళ్లందర్నీ అడిగాను. ప్లాస్టిక్ పీకిన టాక్సీ ఒక్కటీ లేదు. "ఎక్కేవాళ్లు మురికి చేస్తారు కదమ్మా" అన్నారు. ఇప్పుడు ఆ టాక్సీలన్నీ పగలు గేటు దగ్గర సరుకు బండ్లే. మురికి ఎవరూ చేయలేరు, ఎక్కరు కదా.

నా బండి పనికిరాదు, అది పుట్టుకతోనే సరుకు బండి. తర్వాత అంబులెన్స్. అటు నుంచి మర్యాదగా అడిగారు, "మనిషి పడిపోయారాండీ?"

"లేదండీ, శుక్రవారం తీసుకెళ్లాలి."

"పడిపోయాక ఫోన్ చేయండి."

ఆవిడ తీరిక చూసుకుని పడాలన్నమాట.

చివరికి మోత ఆఫీసు. ఫిర్యాదు చేయాలంటే బండిలో కూర్చుని చేయాలట. అబ్బులు గారిని కూర్చోబెట్టాను. నేను తలుపు పట్టుకుని బయట నిలబడ్డాను.

"ఈ బండిలో మనిషి లేరు" అంది ఆఫీసు గొంతు.

"ఉన్నానమ్మా, నేనే మాట్లాడుతున్నాను. అబ్బులు, రిటైర్డు లైన్‌మన్ని."

"గొంతు వినిపిస్తోంది. సీటులో మనిషి లేరు. మాట్లాడుతున్నది ఎవరు?"

ఆయన నా వైపు చూశారు. నేనేం చెప్పను? "బస్తా అండి" అన్నాను.

"సరుకు ఇచ్చే ఫిర్యాదులు తీసుకోబడవు. గమనిక. ఈ బండి కొత్త పాఠం వచ్చినప్పటి నుంచి సరుకు మాత్రమే మోసింది. శుక్రవారం సాయంత్రంలోగా మనిషి నమోదు కాకపోతే బండి డిపోకి వచ్చి సీట్లు అప్పగిస్తుంది. సరుకు బండికి సీట్లు అవసరం లేదు. సహకరించినందుకు ధన్యవాదాలు."

అంటే శుక్రవారం గేటు దాటకపోతే ఆవిడకి డయాలసిస్ లేదు. ఆ సాయంత్రానికి బండీ ఉండదు, ఇక ఏ మంగళవారమూ ఉండదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసు మీద కాదు, ఆఫీసు ఎప్పుడూ అంతే. ఈయన మీద.

"అన్నయ్య గారూ, మీకు పెళ్లాం ముద్దా, ప్లాస్టిక్ ముద్దా?"

ఆయన సీటు అంచున జారకుండా కాళ్లు తన్నిపెట్టి కూర్చుని ఉన్నారు. "నన్ను ఎన్నయినా అను చెల్లెమ్మా" అన్నారు. అలా తిట్టు తినే మనిషిని తిట్టడంలో రుచి లేదు, అయినా వీధి చివరిదాకా తిట్టుకుంటూనే వచ్చాను.


గురువారం. సందె వేళ

ఈ రోజు సలహా ఉండదనుకోకండి, ఉంటుంది. కానీ ముందు వాళ్లింటికి వెళ్లిన సంగతి.

సీట్ల కవర్లు కోసే కట్టర్ సంచిలో వేసుకుని వెళ్లాను. ఎవరినీ అడిగేది లేదు, ఆయన స్నానానికి పోయినప్పుడు ఒక్క చీరుడు చీరేద్దామని. బండి పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. దాని ఒంటి మీద పెద్ద ముసుగు. వదిన పాత చీరలన్నీ కలిపి కుట్టిన ముసుగు. నెమలి కంఠం రంగు చీర బానెట్ మీద, మామిడి పిందెల అంచు వెనకాల. బండి కాదు, పేరంటానికి బయల్దేరిన పెద్దావిడలా ఉంది.

వదిన అరుగు మీద, కాళ్లు ఎత్తుగా దిండు మీద పెట్టుకుని ఉంది. మొహం ఉబ్బింది. నన్ను చూసి, "సంచిలో కట్టర్ మెరుస్తోంది వదినా. ఎవర్ని పొడవడానికి?" అంది.

"మీ ఆయన్ని."

"ఆయన్నేం అనకు. కవరు తియ్యొద్దన్నది నేను."

నేను కూర్చుండిపోయాను.

"నాలుగు వీధులకీ నవ్వులపాలైపోయాడు పాపం" అంది. "నా పేరు చెప్పరా బాబూ అంటే చెప్పడు. పిసినారి అనుకోనీలే, నాకేం పోయింది అంటాడు."

"ఎందుకు వదినా? ఎందుకా ప్లాస్టిక్?"

ఆవిడ చేతిలో గ్లాసు ఉంది. అందులో ఒక గుక్కెడు నీళ్లు. దాన్ని తాగకుండా అటూ ఇటూ తిప్పుతోంది.

"ఆయనకి బండెందుకు, చెప్పు. సైకిలు మీద స్తంభం స్తంభానికీ తిరిగిన మనిషి. నా తరవాత దీన్ని ఎవరికైనా ఇచ్చేయాలి కదా. రోగిష్టిదాని బండి అంటే ఎవరు కొంటారు? మొదట వాసన చూత్తారు. నాకు తెలుసు, నా ఒంటికి ఆ ఆసుపత్రి వాసన వదలదు, తలకి పోసుకున్నా వదలదు. అది సీటుకి పట్టకూడదు. అసలు ఆ సీట్లో నేను కూర్చున్నట్టే ఉండకూడదు వదినా."

నా నోటి సంగతి మీకు తెలుసు.

"నువ్వు కూర్చున్నట్టే ఉండకూడదనుకున్నావు. బండి నీ మాట విన్నది. నువ్వు లేవనుకుంటోంది. ఇంకా ఉన్నావు కదా వదినా, దానికి ఆ మాట ఎవరు చెప్పాలి?"

ఆవిడ గోడ మీద బల్లి అరిస్తే దాన్ని అదిలించింది.

అప్పుడు నా వ్యాపారం బుద్ధి నిద్ర లేచింది. లేచి వెళ్లి, చీరల ముసుగు ఎత్తి, తలుపు తీసి, ఆవిడ కూర్చునే సీటు దగ్గర కవరు అంచు కొంచెం లేపాను. రమ్మని పిలిచాను. ఆవిడ గోడ పట్టుకుని వచ్చింది. అబ్బులు గారు కూడా తడి తువ్వాలుతోనే వచ్చారు.

ఇదే ఈ రోజు సలహా, అందరూ చదవండి. ప్లాస్టిక్ సీటుని కాపాడదు. మన చెమట, కోనసీమ చెమ్మ, మొన్నటి వేడినీళ్ల ఆవిరి, ఏదీ దాని కిందనుంచి బయటికి పోలేదు. కొత్త గుడ్డ మీద నల్లటి బూజు చుక్కలు లేచాయి, వాన తర్వాత గోడ మీద లేచినట్టు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు మొట్టమొదట చేసే పని కవరు ఎత్తి చూడటం. చూసి ముక్కు మూసుకుంటాడు. గాలి తగిలిన సీటు పదేళ్లయినా సీటులా ఉంటుంది.

వదిన వంగి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నా వాసన కాదు కదా?"

"కాదు. బూజు వాసన. అందరి బండ్లలోనూ ఇదే."

"ఏడాదంతా జారుతూ కూర్చున్నాం కదండీ" అంది మొగుడితో.

"నువ్వు జారలేదు, నేనే జారి నీ మీద పడ్డాను" అన్నారు ఆయన.

ఆవిడకి నవ్వొచ్చింది గానీ కవరు తీయడానికి ఔననలేదు. కాదనలేదు. కట్టర్ అరుగు మీద పెట్టి వచ్చేశాను. వెలుగు ఉండగానే ఇది రాస్తున్నాను, రేపు ఏమవుతుందో నాకు తెలియదు.


శుక్రవారం. రాజమండ్రి, ఆసుపత్రి వరండా

పొద్దున్నే వదిన కబురు పెట్టింది, తోడు రమ్మని. కొట్టు తీయలేదు, గాలి కోసం వచ్చి తిరిగిపోయినవాళ్లు క్షమించాలి. వెళ్లి చూద్దును కదా, కవరు అలాగే ఉంది. కట్టర్ మాత్రం ఆవిడ ఒళ్లో, చేతిరుమాల్లో చుట్టి ఉంది. నేను అడగలేదు. అడిగితే మొండికేస్తుందని. ఆవిడ ముందు సీట్లో, పక్కన అబ్బులు గారు, వెనకాల నేను. ప్లాస్టిక్ మీద కూర్చోగానే కిర్రుమని చప్పుడు వచ్చింది, నా కింద కాస్త ఎక్కువ వచ్చింది.

గేటు దగ్గర బండి తన మామూలు మర్యాదతో చెప్పింది. "మూడు బస్తాలు. సరుకు బండి. పగటి దారి లేదు. డిపో వైపు తిరుగుతున్నాను."

తిరగడం మొదలెట్టింది. వెనక బండ్లు హారన్లు. అబ్బులు గారు "ఆగమ్మా, తల్లీ, ఆగు" అని దాన్ని బతిమాలుతున్నారు, అది ఆగదు. ఆవిడ వైపు తిరిగి "భూలచ్చీ" అన్నారు.

వదిన రుమాలు విప్పింది. తన తొడ పక్కనే కట్టర్ దింపి, ఒక్క లాగుడు లాగింది. పట్టు చీర చిరిగినట్టు బర్రుమంది. మోకాళ్ల కింద నుంచి, నడుం వెనక నుంచి, పొర పొరంతా ఊడదీసి కిటికీలోంచి బయటికి తోసింది. ఏడాది కొత్తదనం గేటు కంచెకి తగులుకుని ఎగిరింది. (గేటు కాపలా అతను దాన్ని తీసి మడత పెట్టుకోవడం నేను చూశాను. ఆయనకీ ఒక బండి ఉండి ఉంటుంది.)

బండి నెమ్మదించింది. "పరిశీలిస్తున్నాను" అంది.

ఏమీ లేదు. ఆవిడ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. ఒంట్లో నెత్తురు తక్కువ, దానికి తోడు మంగళవారం తప్పిపోయింది. సీటుకి ఆవిడ అందడం లేదు.

"నలభై ఎనిమిది కేజీల..." అని మొదలెట్టింది బండి.

"ఉండవే" అంది వదిన.

డయాలసిస్ వాళ్లు ఆవిడ ఎడమ చేతిలో, మోచేతి దగ్గర, రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. సూదులు గుచ్చేది అక్కడే. ఆ చోట తాడులా ఉబ్బి ఉంటుంది, ముట్టుకుంటే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఎప్పుడూ జుమ్మంటూ ఉంటుంది. ఎవరూ చూడకుండా ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేది ఆవిడ. ఇప్పుడు ఆ జాకెట్టు చెయ్యి పైకి లాగి, ఆ జుమ్మనే చోటుని సీటుకి అదిమి పెట్టింది. ఒక పక్కకి ఒరిగి, తల సీటుకి ఆనించి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు.

బండి ఆగిపోయింది.

"నాడి అందింది" అంది. "చాలా బలంగా ఉంది."

"వింటున్నారా" అంది వదిన మొగుడితో. "రెండేళ్లయింది నా నాడి బలంగా ఉందని ఎవరైనా అని."

"ఒక మనిషి, రెండు బస్తాలు" అంది బండి. "మనుషుల బండి. పగటి దారి ఉంది."

గేటు లేచింది. నేను వెనక నుంచి అరిచాను, "అన్నయ్య గారూ, ఆ కట్టర్ ఇలా ఇవ్వండి, మీదీ నాదీ కూడా పీకేద్దాం."

ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. "నాది ఉండనీ చెల్లెమ్మా" అన్నారు. "ముప్పై ఏళ్లుగా ఈవిడ నన్ను మోసింది అలాగే కదా. ఇప్పుడు కొత్తగా మనిషినని చెప్పుకుంటే నమ్మదు."

"చూశావా వదినా, బస్తా ఎంత బాగా మాట్లాడుతోందో" అంది ఆవిడ.

ఇప్పుడు ఆవిడ లోపల మంచం మీద ఉంది. గాజు తలుపులోంచి కనిపిస్తోంది, నర్సుతో ఏదో వాదిస్తోంది. అంటే బాగానే ఉంది. అబ్బులు గారు బయట బండి తలుపులన్నీ తీసి, వేపచెట్టు నీడలో ఆ సీటుకి గాలి తగలనిస్తున్నారు. బూజుకి ఏం రాయాలని అడిగారు, తడి లేకుండా ఆరనివ్వండి, ఎండ నేరుగా కాకుండా నీడగాలి, తర్వాత మెత్తటి బ్రష్‌తో దులపండి అని చెప్పాను. మీరందరూ కూడా అదే చేయండి. ఈ వారం కవరు పీకి తెచ్చినవాళ్లకి గాలి ఉచితం. పొద్దున్నే రావాలి.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. గేటు దాటాక వంతెన ఎక్కే ఆ మలుపు వచ్చింది. బస్తాలం ఇద్దరం జారాం. మనిషి జారలేదు.